గైడు కుదిరాడు సరే... ప్రశ్న కుదిరిందా?

మన ఇళ్లలోకి పీహెచ్‌డీ కబురు వచ్చే తీరు చూడండి. ‘ఫలానా వాళ్లమ్మాయికి గైడు దొరికాడట’ అంటారు. అచ్చం ‘సంబంధం కుదిరిందట’ అన్నట్టే! ఆ తర్వాత అడిగే సంగతులూ దాదాపు అవే. ఆయనది ఏ ఊరు, పలుకుబడి ఏపాటిది, మనవాళ్లకెవరికైనా తెలుసా, ఎన్నాళ్లలో అయిపోతుంది? పిల్ల ఏ విషయం మీద పనిచేయబోతోందన్నది మాత్రం చిట్టచివరికి వస్తుంది. వచ్చినా ‘ఏదో ఎకనామిక్సులోనట’ అన్న మాటతో సరిపెట్టుకుంటారు.

ప్రకాశం జిల్లా నుంచి ఒక సోషల్ మాస్టారు రాసిన ఉత్తరం నాలుగు రోజులుగా నా బల్లమీదే ఉంది. ఆయన కూతురు ఎమ్మే ఎకనామిక్స్ చేసింది. నెట్ రాసింది. జేఆర్‌ఎఫ్ రాలేదు కానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతోపాటు పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హత వచ్చింది. ఇప్పుడు రెండు దారులున్నాయి. దగ్గర్లోని యూనివర్సిటీలో ఒక సీనియర్ ప్రొఫెసర్ చేర్చుకుంటానన్నారు. టాపిక్ కూడా ఆయనే ఇచ్చారు... స్వయం సహాయక బృందాల ద్వారా మహిళా సాధికారత, ఒక జిల్లా అధ్యయనం. రెండోది రాత్రంతా రైల్లో వెళ్లాల్సిన ఊరు. అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసరుగా ఉన్న ఒక యువకుడు ‘ముందు నీ ప్రశ్న ఏమిటో రెండు పేజీల్లో రాసుకుని రా’ అన్నాడట. అమ్మాయి రాసింది కూడా. వాళ్లమ్మమ్మ, ఆ వీధిలో ఆమె ఈడు ఆడవాళ్లంతా ఒకప్పుడు పొగాకు గ్రేడింగుకు వెళ్లేవారు. ఇప్పుడు ఆ పనికి వెళ్లేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. మరి మిగతా వాళ్లంతా ఏ పనికి మళ్లారు? ఇదీ ఆ అమ్మాయి ప్రశ్న.

‘పెద్దాయన దగ్గరైతే మూడు నాలుగేళ్లలో చేతికొస్తుందంటున్నారు. రెండో ఆయన దగ్గర ఏళ్లు పడుతుందేమోనని మా ఆవిడ భయం. మీరేమంటారు?’ అని మాస్టారి ప్రశ్న.

మాస్టారూ, ముందు ఆ పెద్దాయన వయసు ఎంతో కనుక్కోండి. మర్యాద కాదనుకోకండి. 2022 నవంబరులో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం, రిటైర్మెంటుకు మూడేళ్లలోపు సర్వీసు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. మూడేళ్లకు కాస్త పైన ఉండి తీసుకున్నా, పీహెచ్‌డీ అన్నది మూడేళ్లలో తేలే వ్యవహారం కాదు. మూడేళ్లన్నది కనీస గడువు. ఆరేళ్లు గరిష్ఠం. అవసరమైతే రీ-రిజిస్ట్రేషనుతో మరో రెండేళ్లు, ఆడపిల్లలకు దానిమీద ఇంకో రెండేళ్లు పొడిగించే వీలుంది. గైడుగారు నడిమధ్యలో రిటైరైతే కో-సూపర్‌వైజరుగా డెబ్బయ్యేళ్ల వరకు కొనసాగవచ్చు. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. కానీ డిపార్టుమెంటులో గది ఖాళీ చేసి వెళ్లిన మనిషి కోసం ప్రతి సంతకానికీ ఇంటికి తిరగడం ఎలా ఉంటుందో, తిరిగినవాళ్లను అడిగితే చెబుతారు.

ఇంకో లెక్క కూడా చూడండి. ప్రొఫెసర్ ఏకకాలంలో 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మాత్రమే పీహెచ్‌డీకి తీసుకోవచ్చు. మనవాళ్లు ‘పెద్ద ప్రొఫెసరు’ అనగానే ఆగిపోతారు. ఆ పెద్ద ప్రొఫెసరు చేతిలో ఏడుగురు ముందే ఉంటే మీ అమ్మాయి ఎనిమిదోది. ఆయనకు క్లాసులు, పేపర్లు దిద్దడం, కమిటీలు, ఇతర యూనివర్సిటీల వైవాలు. వారంలో ఆమె భాగానికి వచ్చేది ఎన్ని నిమిషాలు? చిన్నాయన దగ్గర నలుగురే. పైగా ఆయన పీహెచ్‌డీ ముగించి ఎన్నో ఏళ్లు కాలేదు గనక లెక్కల పద్ధతులు, కంప్యూటర్ మీద డేటాతో పని చేతిలో ఆడుతుండే అవకాశం ఎక్కువ. అలాగని చిన్నవాళ్లంతా మంచి గైడ్లు, పెద్దవాళ్లంతా కాదు అనడం లేదు. డెబ్బయ్యేళ్ల వయసులో కూడా స్కాలర్ రాసిన ప్రతి పేజీ ఎర్రసిరాతో ముంచెత్తిన మాస్టార్లు ఉన్నారు. తెలుసుకోవలసింది పేరు కాదు, అలవాటు.

అలవాటు తెలుసుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ‘శోధ్‌గంగ’లో మన దేశపు థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి. పైసా ఖర్చు లేదు. గైడు పేరుతో వెతకవచ్చు. మీ అమ్మాయిని కూర్చోబెట్టి ఆ ఇద్దరి దగ్గర చేసినవాళ్ల థీసిస్‌లు చెరో రెండు చదవమనండి. అన్నిటికీ అధ్యాయాలు ఒకే అచ్చులో పోసినట్టున్నాయా? మొదటి అధ్యాయం పరిచయం, రెండోది పూర్వ పరిశోధనల సమీక్ష, మూడోది జిల్లా నైసర్గిక స్వరూపం, నదులు, వర్షపాతం, నాలుగోది ‘ఎంతమంది అవునన్నారు, ఎంతమంది కాదన్నారు’ అన్న పట్టికలు... జిల్లా పేరు ఒక్కటి మారిస్తే ఇంకో థీసిస్ అయిపోయేలా ఉంటే సంగతి అర్థమైనట్టే. నేనైతే కృతజ్ఞతల పేజీ కూడా వదలను. ‘నా గైడు నా మూడో అధ్యాయాన్ని నాలుగుసార్లు తిరగరాయించారు’ అని ఎవరైనా రాసుకుంటే అది వెయ్యి సిఫార్సుల పెట్టు. ‘వారి కుటుంబసభ్యులు చూపిన ఆదరణకు’ అన్న మాటే పదేపదే కనిపిస్తే, కరెంటు బిల్లులు కట్టింది ఎవరో, గ్యాస్ సిలిండర్ మోసింది ఎవరో ఊహించుకోవచ్చు!

ఇక అసలు సంగతి. ఆ రెండు టాపిక్కుల్లో ఏది మేలు?

స్వయం సహాయక బృందాల మీద పరిశోధన చేయకూడదని కాదు. తెలుగునాట డ్వాక్రా చరిత్ర చిన్నది కాదు, చెప్పుకోవలసింది ఇంకా మిగిలే ఉంది. అయితే ‘సాధికారత, ఒక జిల్లా అధ్యయనం’ అన్నది టాపిక్కే గానీ ప్రశ్న కాదు. మూడొందల మంది సభ్యులను ‘సంఘంలో చేరాక మీ ఆదాయం పెరిగిందా?’ అని అడిగితే పెరిగిందనే అంటారు. చేరనివాళ్ల ఆదాయం కూడా ఆ పదేళ్లలో పెరిగే ఉంటుంది కదా! పెరిగినదాంట్లో సంఘం వాటా ఎంత? అది తెలియాలంటే పోల్చి చూడటానికి ఎవరో ఒకరు ఉండాలి. ఎకనామిక్స్ పరిశోధనలో సగం తిప్పలు ఆ ‘పోల్చదగ్గ మనిషి’ని వెతకడంలోనే ఉన్నాయి.

ఉపాధి హామీ పథకాన్నే తీసుకోండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో దానికి శ్రీకారం చుట్టారు. దేశమంతా ఒకేసారి రాలేదు. మొదట 200 జిల్లాలు, 2007లో మరో 130, 2008లో మిగిలినవి. ప్రభుత్వం తన సౌలభ్యం కోసం అలా చేసింది. పరిశోధకులకు మాత్రం అది వరమైంది. పథకం వచ్చిన జిల్లాల్లో, ఇంకా రాని జిల్లాల్లో కూలిరేట్లు ఎలా మారాయో పక్కపక్కన పెట్టి చూసే వీలు దొరికింది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ముందు వెనుకబడిన జిల్లాలకే ఇచ్చారు గనక రెండు గుంపులూ మొదటినుంచీ సమానం కావు. దాన్ని ఎలా సరిచేయాలన్న దానిమీదే పేజీలకు పేజీల వాదం నడిచింది. మంచి గైడు స్కాలరుకు నేర్పేది ఇలాంటి మెలికలు పట్టుకోవడమే.

ఇప్పుడు మీ అమ్మాయి రాసిన రెండు పేజీల దగ్గరికి వస్తాను. అవి కూడా పంపి మంచిపని చేశారు. రెండుసార్లు చదివాను. ఆ ప్రశ్న ఎంత విలువైనదో ఆమెకే పూర్తిగా తెలిసినట్టు లేదు.

మన దేశంలో ఆడవాళ్ల పని గురించి ఎకనామిస్టుల మధ్య ఏళ్ల తరబడి వాదన సాగుతోంది. పదిహేనేళ్లు దాటిన మహిళల్లో పనిలో ఉన్నవారు, పని కోసం చూస్తున్నవారు కలిసి 2017-18లో 23.3 శాతమే. అదే శ్రామిక శక్తి సర్వే 2023-24లో 41.7 శాతం చూపించింది. ఆరేళ్లలో ఇంత పెరుగుదలా? నిజంగా పనులు పెరిగాయని కొందరు, ఇంటి పొలంలో, ఇంటి కొట్లో జీతం లేకుండా చేసే చాకిరీ ఎక్కువగా లెక్కలోకి రావడమే కారణమని మరికొందరు. మీ వీధి ఆడవాళ్లు సరిగ్గా ఈ వాదన మధ్యలో నిలబడి ఉన్నారు.

‘ఏ పనికి మళ్లారు?’ అన్నదాంట్లో నిజానికి మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. గ్రేడింగు పని ఊళ్లో తగ్గిందా, లేక పని ఉండి మనుషులు మారారా? మానేసినవాళ్లు వేరే కూలికి వెళ్తున్నారా, ఇంట్లో ఉండిపోయారా? ఇంట్లో ఉన్నామని చెప్పేవాళ్లు నిజంగా ఖాళీగా ఉన్నారా? ‘ఏం పనిచేస్తున్నావమ్మా?’ అని అడిగితే ‘ఏం లేదు, ఇంట్లోనే’ అంటుంది. రెండు గేదెలకు గడ్డి కోసుకొచ్చి, పాలు పితికి, కేంద్రానికి పోసి వచ్చేది ఆమే! అందుకని ‘పని’ అన్న మాట ఎత్తకుండా ‘నిన్న పొద్దున్నే లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారు?’ అని అడగాలి. భర్త అరుగుమీద కూర్చుని ఉండగా అడిగితే జవాబులు ఆయనే చెప్పేస్తాడు, అది వేరే తంటా. పాత రోజుల గురించి అడిగితే ఏ సంవత్సరమో చెప్పలేరు. ‘పెద్దమ్మాయి పెళ్లికి ముందా, తర్వాతా?’, ‘తుపాను వచ్చిన ఏడాదికి పనికి వెళ్తున్నారా?’ అని గుర్తులు పెట్టి రాబట్టాలి. ఇవన్నీ పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. మొదటి ఇరవై ఇళ్లూ తిరిగి వచ్చాక గైడు ఎదురుగా కూర్చుని ‘ఇది ఎందుకు అడిగావు, ఇది ఎందుకు వదిలేశావు’ అంటే వచ్చేవి.

ఒక్క ఊరు చాలదు. పొగాకు ఊళ్లు రెండు తీసుకుంటే, అదే జిల్లాలో శనగ వేసే ఊళ్లు రెండు తీసుకోవాలి. లేకపోతే మార్పు పొగాకు వల్ల వచ్చిందో, ఆటోలు తిరగడం వల్ల వచ్చిందో, ఆడపిల్లలు కాలేజీలకు వెళ్లడం వల్ల వచ్చిందో తేలదు. దానికి తోడు జాతీయ నమూనా సర్వేల డేటా, ఇంటింటి వివరాలతో సహా (పేర్లు లేకుండా), ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది. అందులోనుంచి రాష్ట్రం మొత్తం బొమ్మ గీసి, దాని పక్కన ఈ నాలుగు ఊళ్లను నిలబెట్టవచ్చు.

‘నాలుగు ఊళ్ల కథ ఎవరికి కావాలి?’ అని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే పటాన్‌చెరు ఇక్రిశాట్ సంగతి చెప్పండి. 1975లో ఆ సంస్థ ఆరు ఊళ్లు ఎంచుకుంది. అందులో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి, ఔరేపల్లె, డోకూర్. మిగతా నాలుగూ మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి. ఊరికి 40 కుటుంబాలు. పరిశోధకులు ఆ ఊళ్లలోనే కాపురముండి, కొద్ది వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి పంట, కూలి, అప్పు, తిండి, గొడ్డూగోదా... ఏళ్ల తరబడి రాసుకున్నారు. ఆ లెక్కల మీద ప్రపంచంలో పేరున్న పత్రికల్లో ఎన్ని వ్యాసాలు వచ్చాయో! 1989లో ఇద్దరు ఎకనామిస్టులు ఆ డేటా తిరగేసి ఒక సంగతి బయటపెట్టారు. పంట నమ్మకం లేని కుటుంబాలు కూతుళ్లను దూరపు ఊళ్లకు ఇస్తున్నాయట. ఇక్కడ వాన పడకపోయినా అక్కడ పడుతుంది, వియ్యాలవారు ఆదుకుంటారు. ‘దూరపు సంబంధం ఎందుకు చేశారు?’ అని మన పెద్దవాళ్లను అడిగితే చెప్పీ చెప్పకుండా దాటేసే సంగతే అది. 1993లో మరో వ్యాసం, కరువు ఏడాది రైతు మళ్లీ దున్నడానికి పనికొచ్చే ఎద్దులనే ఎందుకు అమ్ముకుంటాడో లెక్కగట్టింది. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆయన ఔరేపల్లెతో కలిపి మూడు ఊళ్ల లెక్కలు తీసి, ఒక ఇంటి ఆదాయం దెబ్బతిన్నా తిండి ఖర్చు ఆమేరకు పడిపోవడం లేదని, ఊరు ఒకరికొకరు సర్దుకుంటోందని చూపించారు. పాలమూరు ఊరి ఇళ్లు ఇవాళ విదేశీ క్లాసుల్లో పాఠమయ్యాయి. ఊరు చిన్నదే, అడిగిన ప్రశ్నలు చిన్నవి కావు.

అంతమాత్రాన గైడు ఏ విషయంలో ఉన్నా ఫర్వాలేదనుకోకండి. అమర్త్య సేన్ అంతటివాడు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసినప్పుడు ఆయన మనసంతా సామాజిక ఎంపిక సిద్ధాంతం మీదే. గైడు జోన్ రాబిన్సన్‌కు ఆ వైపు చూపే లేదు. చివరికి ఆయన థీసిస్ ఉత్పత్తి పద్ధతుల ఎంపిక మీద రాశారు. ఇష్టమైన దారికి తర్వాత మళ్లారు. 1970లో ఆ పుస్తకం వచ్చింది, 1998లో నోబెల్ వచ్చింది. ఆయన సేన్ గనక తట్టుకున్నాడు! మామూలు పిల్లలు గైడుకు రాని విషయంలో చేరితే ఒంటరైపోతారు. బ్యాంకింగ్ మీద పనిచేసే ఆయన దగ్గర ఆరోగ్య రంగం, పన్నుల మీద పనిచేసే ఆవిడ దగ్గర నీటిపారుదల... ఇలాంటి జోడీలు మన డిపార్టుమెంట్లలో కొల్లలు. ఆ యువ ప్రొఫెసరు శ్రామికుల మీద, స్త్రీల పని మీద, కనీసం పల్లె ఆర్థిక వ్యవస్థ మీద ఏమైనా రాశాడా అన్నది చూడండి. రాసి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. లేకపోతే ఆ విషయం తెలిసిన ఇంకొకరిని కో-సూపర్‌వైజరుగా పెట్టే వీలుందా అని అడగండి. హైదరాబాద్ బేగంపేటలోని సెస్, బెంగళూరులోని ఐసెక్, తిరువనంతపురంలోని సీడీఎస్ లాంటి సంస్థల్లో ఇలాంటి క్షేత్ర పరిశోధనకు ఏళ్ల అనుభవం ఉంది. అక్కడ కూడా ప్రయత్నించమనండి.

అమెరికా సంగతి కూడా ఉత్తరంలో ఒక వాక్యం రాశారు. అక్కడ పద్ధతి వేరు. చేరేటప్పుడు గైడు ఉండడు. మొదటి రెండేళ్లూ మైక్రో, మాక్రో, ఎకనోమెట్రిక్స్ క్లాసులు, పరీక్షలు. ఆ తర్వాతే గైడును వెతుక్కోవడం. గణితం గట్టిగా ఉంటేనే ఆ వైపు చూడాలి. ఇక్కడ కోర్సువర్కు కనీసం 12 క్రెడిట్లు. చాలామంది దాన్ని తంతుగా ముగిస్తారు. మీ అమ్మాయి ఆ నెలల్లోనే డేటాతో పని నేర్చుకోవాలి. ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టనక్కర్లేదు.

డబ్బు మాట. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు, ఇంటి అద్దె అదనం. మీ అమ్మాయికి అది లేదు. సెంట్రల్ యూనివర్సిటీ అయితే నెట్‌తో సంబంధం లేని ఫెలోషిప్ నెలకు 8 వేలు. హాస్టలు, మెస్సుకే చాలీచాలదు. సర్వే ఖర్చు వేరే ఉంటుంది. అందుకని చేరాక కూడా జేఆర్‌ఎఫ్ కోసం మళ్లీ రాయమనండి, వయోపరిమితి దాటనంతవరకు. ఈ ఖర్చు మీ జీతం మీద పడుతుందని ముందే ఒప్పుకుని, ఇంట్లో అందరూ కూర్చుని లెక్క వేసుకోండి. రెండేళ్ల తర్వాత ‘నీ కోసం ఇంత పెట్టాం’ అన్న మాట పిల్ల చెవిన పడటం కన్నా ఇప్పుడు కాగితం మీద పెట్టుకోవడం నయం.

మీ ఆవిడ భయం పెళ్లి గురించేనని ఉత్తరంలో రాయకపోయినా తెలుస్తూనే ఉంది. ఆమెకు ఈ సంగతి చెప్పండి. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, చేసిన పరిశోధనను అక్కడి యూనివర్సిటీకి మార్చుకునే వీలు 2022 నిబంధనల్లో ఉంది. అది గైడుకు మంజూరైన ప్రాజెక్టులో భాగం కాకూడదు, పాత గైడుకు, సంస్థకు దక్కాల్సిన గుర్తింపు ఇవ్వాలి, అంతే. ప్రసూతి కోసం 240 రోజుల దాకా సెలవు ఉంది. సంబంధాలు చూసేటప్పుడు ‘పీహెచ్‌డీ మధ్యలో ఉంది, పూర్తిచేస్తుంది’ అని మొదటి మాటల్లోనే చెప్పేయండి. ‘తర్వాత చూద్దాంలే’ అన్న వాళ్లింట్లో ఆ తర్వాత రాదు.

నెట్ స్కోరు మీద పీహెచ్‌డీలో చేరడానికి మీ అమ్మాయికున్న గడువు ఏడాదే. స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఇంటర్వ్యూలో ‘ఏం చేద్దామనుకుంటున్నావు?’ అని తప్పకుండా అడుగుతారు. పొగాకు షెడ్ల ప్రశ్నను, నాలుగు ఊళ్లు ఎందుకు కావాలో సహా, మూడు నిమిషాల్లో చెప్పడం ఇంట్లోనే అలవాటు చేయించండి. వినేది మీరు కాదు. వాళ్లమ్మమ్మను కూర్చోబెట్టండి. గ్రేడింగు కూలి రోజుకెంత ఇచ్చేవారు, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లేది అన్నవి అమ్మాయి రెండు పేజీల్లో ఎక్కడా లేవు. ఆవిడ చెబుతుంది.